లంబోర్గిని మొదట ట్రాక్టరే: ఖరీదైన కార్ల పునాదుల కథ

ఈసారి పత్తి గురించో టమాట రేటు గురించో కాదు, కార్ల గురించి రాస్తున్న. అది కూడా హైటెక్ సిటీ రోడ్ల మీద తిరిగే కోట్ల రూపాయల కార్ల గురించి. వీనికేం పని అనుకోకండి. ఈ కథ పొలంలోనే మొదలైంది, తిరిగి మన భూముల దాకా వస్తది. జర పెద్ద పోస్టు. పొద్దుగూకినంక తీరుబాటుగా చదవండి.

మా చేవెళ్ల దిక్కు భూముల రేట్లు ఎట్ల పెరిగినయో మీకు చెప్పే పని లేదు. ఎకరమో అరెకరమో అమ్మినోళ్లకు మొదలు డాబా లేస్తది, తర్వాత దాని ముందు కారు నిలబడతది. ఊళ్లో పిలగాళ్లు ఫోన్లో బొమ్మలు చూపించి అడుగుతున్నరు: "కాకా, మాదాపూర్ దిక్కు పాత బండ్ల దుకాణంల ఈ జర్మనీ బండి కొత్త ఫార్చునర్ కంటే అగ్గువకు వస్తున్నది, తీసుకోవచ్చునా?" దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తం, గిట్టలు చూస్తం, సుడి చూస్తం, ఏ ఊరి పశువో అడుగుతం. కారు దగ్గరికి వచ్చేసరికి ముందల మెరిసే బిళ్ల చూసి పైసలు కడుతున్నం. అందుకే కార్ల వంశాల గురించి నేను ఇన్నేళ్లుగా చదివింది, మెకానిక్‌ల దగ్గర కూసొని విన్నది కలిపి రాస్తున్న.

ముందు లంబోర్గిని సంగతి. గచ్చిబౌలి దిక్కు ఎప్పుడన్న పొయ్యినప్పుడు చెవులు పగిలే చప్పుడు చేసుకుంట నేలకు అంటుకొని పొయ్యే కారు చూసే ఉంటరు. ఆ పేరు ఒక రైతు బిడ్డది. ఫెరుచ్చో లంబోర్గిని 1916లో ఇటలీలో ద్రాక్ష సాగు చేసే ఇంట్ల పుట్టిండు. ఆయనకు పొలం పని కంటే మిషన్ల మీదనే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధంలో వాయుసేన బండ్లు బాగుచేసే మెకానిక్‌గా పని చేసిండు. యుద్ధం అయిపోయినంక ఇటలీ రైతుల దగ్గర ట్రాక్టర్లు లేవు, కొనే పైసలూ లేవు. మిలిటరీ వదిలేసిన పాత బండ్లు మాత్రం కుప్పలుగా పడి ఉన్నయి. వాటి ఇంజిన్లు, గేర్లు విప్పి ట్రాక్టర్ కట్టిండు. పెట్రోల్ పిరమని, పెట్రోల్‌తో స్టార్ట్ చేసి తర్వాత డీజిల్ మీద నడిచేటట్టు ఒక ఏర్పాటు కూడా చేసిండు. 1948లో ట్రాక్టర్ కంపెనీ పెట్టిండు. కార్ల కంపెనీ పెట్టింది 1963లో, అంటే పదిహేనేళ్ల తర్వాత.

ఎందుకు పెట్టిండనే దానికి ఒక కథ ఉంది, ఆయనే చెప్పుకునేటోడు. ట్రాక్టర్లతో సంపాదించిన పైసలతో ఫెరారీ కారు కొన్నడట. దాని క్లచ్ మాటిమాటికి పాడైతుంటే విసుగొచ్చి తన ట్రాక్టర్ వర్క్‌షాపులనే విప్పించి చూసిండట. చూస్తే లోపల ఉన్న క్లచ్, తన ట్రాక్టర్లకు తను కొనే కంపెనీదే! ధర మాత్రం ఫెరారీ పేరు మీద ఎన్నో రెట్లు. పోయి ఎంజో ఫెరారీకి చెబితే, ట్రాక్టర్లు చేసుకునేటోనివి నీకు కార్ల సంగతేం తెలుసని ఎల్లగొట్టిండట. ఇందుల నిజమెంతో, కోపమెంతో చెప్పలేం గానీ, ఈ మొత్తం పోస్టు సారం ఆ క్లచ్ ప్లేటులనే ఉంది.

1973లో ట్రాక్టర్ల కంపెనీని సామే అనే ఇంకో ఇటలీ ట్రాక్టర్ కంపెనీ కొన్నది. లంబోర్గిని పేరుతో ఇప్పటికీ ట్రాక్టర్లు వస్తున్నయి. ఆ గ్రూపుకు మన పక్కన తమిళనాడు రాణిపేటలో ఫ్యాక్టరీ ఉంది. ఇదొక్కటే అనుకునేరు. పోర్షే పేరుతో 1956 నుంచి 1963 దాకా జర్మనీలో డీజిల్ ట్రాక్టర్లు తయారైనయి, లక్షకు పైగా. జేమ్స్ బాండ్ నడిపే ఆస్టన్ మార్టిన్ ఉంది కదా, దాన్ని 1947లో కొన్నది డేవిడ్ బ్రౌన్ అనే ఇంగ్లండ్ ట్రాక్టర్ల యజమాని. ఆ కార్లకు ఉండే డీబీ అనే అక్షరాలు ఆయన పేరులోనివే.

ఇప్పుడు అసలు ముచ్చటకొద్దాం. కార్ల కంపెనీలోళ్లు ప్లాట్‌ఫాం అని ఒక మాట వాడుతరు. రైల్వే స్టేషన్‌లది కాదు. మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే మామిడి అంటు. కింద వేరు మొక్క నాటు మామిడి టెంకతో మొలిచింది. దాని మీద బంగినపల్లి అంటు కడితే బంగినపల్లి, దసేరి కడితే దసేరి. నర్సరీలో పక్కపక్కనే ఉంటయి, కింద వేరు ఒకటే రకం, పైన కాయ వేరు, మార్కెట్ల ధర వేరు. కారులో కూడా కింది భాగం, అంటే నేల రేకు, ముందు వెనక చక్రాల బిగింపు, స్టీరింగ్, ఇంజిన్ కూసునే చోటు, లోపలి వైర్లు, కంప్యూటర్ పెట్టెలు, ఇవన్నీ ఒకసారి తయారు చేసుకొని దాని మీద నాలుగైదు రకాల కార్లు కడుతరు. ఒక కొత్త పునాదిని గీసి, చేసి, గోడకు గుద్ది పరీక్ష చేసి బయటికి తేవాలంటే వేల కోట్లు అయితయి. ఆ ఖర్చు ఒక్క కారు మీద పడితే ఎవ్వడూ కొనలేడు.

విత్తనాల దగ్గర కూడా మనం ఇదే చూసినం. బీటీ పత్తిలో పురుగును చంపే జన్యువు ఒక కంపెనీదే. దాన్ని నలభైకి పైగా విత్తన కంపెనీలు లైసెన్సు తీసుకొని తమ తమ రకాలలో పెట్టి, తమ తమ బొమ్మల ప్యాకెట్లలో అమ్మినయి. ఒక్కో ప్యాకెట్ కోసం మనం దుకాణాల ముందు చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డం. జన్యువు ఒకటే అయినా రకాలన్నీ ఒకటి కావు, అది కూడా నిజమే. కార్ల దగ్గర కూడా ఈ రెండు మాటలూ కలిపే గుర్తు పెట్టుకోవాలె.

ఈ పద్ధతి కొత్తది కూడా కాదు, మన హైదరాబాద్‌లనే సాక్ష్యం ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటి కనబడతది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. కారు చేరేనాటికి ఆయన పోయిండు, 1911లో. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకు వాడిండు. లోపల సింహాసనం లాంటి సీటు ఉంటది. ఆ కాలంలో రోల్స్ రాయిస్ కంపెనీ అమ్మేది ఇంజిన్, ఛాసిస్, చక్రాలు మాత్రమే. పైన బాడీ కట్టేటోళ్లు వేరే, నిజాం కారుకు కట్టింది లండన్‌ల బార్కర్ కంపెనీ. అదే ఛాసిస్ మీద ఒక దొర తెరిచిన బండి కట్టించుకునేటోడు, ఇంకొకరు మూసిన బండి కట్టించుకునేటోళ్లు. లారీ ఛాసిస్ కొని బాడీ షెడ్డుకు తోలి కట్టించుకున్నట్టే. పునాది ఒకటి, పై కట్టుబడి వేరు అనేది రాజుల కాలంల దాచిపెట్టే సంగతి కాదు, అందరికీ తెలిసిందే. 1931లో రోల్స్ రాయిస్ వాళ్లు బెంట్లీని కొన్నరు. తర్వాత ఎన్నో ఏండ్లు ఆ రెండు కార్లకు ముందల జాలీ, దాని మీది బొమ్మ తప్ప పెద్ద తేడా ఉండేది కాదు.

అమెరికాల జనరల్ మోటార్స్ వాళ్లు దీన్ని పెద్ద వ్యాపారం చేసిండ్రు. షెవ్రొలే చిన్నోళ్లకు, బ్యూక్ మధ్యోళ్లకు, కాడిలాక్ షావుకార్లకు, లోపల మాత్రం బాడీలు, భాగాలు పంచుకునుడు. బాగానే నడిచింది. ఒకసారి మాత్రం ఆశ ఎక్కువై బోర్లా పడ్డరు. 1981లో చిన్న షెవ్రొలే కావలియర్‌కు తోలు సీట్లు వేసి, కాడిలాక్ బిళ్ల కొట్టి, సిమరాన్ అని పేరు పెట్టి దాదాపు రెట్టింపు ధరకు దించిండ్రు. కొనేటోళ్లు గుర్తుపట్టిండ్రు. 1988కి మూసేసిండ్రు, అంతకంటే పెద్ద నష్టమేందంటే కాడిలాక్ పేరుకే మచ్చ వచ్చింది. ఆస్టన్ మార్టిన్ వాళ్లు కూడా 2011లో టయోటా వాళ్ల బుడ్డ కారును తీసుకొని సిగ్నెట్ అని ఎన్నో రెట్ల ధరకు అమ్మబోయిండ్రు, రెండు మూడేళ్లలోనే దుకాణం సర్దిండ్రు. అంటు కట్టకుండా నాటు కాయకే బంగినపల్లి చీటీ అంటిస్తే ఎన్ని రోజులు నడుస్తది?

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన వంశం రేంజ్ రోవర్‌ది. దీని మూలం అచ్చంగా సేద్యమే.

1947లో ఇంగ్లండ్‌లో రోవర్ కంపెనీ ఇంజినీర్ మారిస్ విల్క్స్‌కు వేల్స్ దిక్కు ఆంగ్లసీ దీవిలో పొలం ఉండేది. అక్కడ పనులకు అమెరికా మిలిటరీ వదిలేసిన విల్లీస్ జీపు వాడేటోడు. అది పాడైతే దాని బదులు ఏం కొనాలె? ఏమీ లేదు. సరే, మనమే చేద్దామనుకున్నడు. మొదటి నమూనా జీపు ఛాసిస్ మీదనే కట్టిండ్రు. స్టీరింగ్ కుడికీ కాదు ఎడమకూ కాదు, ట్రాక్టర్‌కు ఉన్నట్టు నట్టనడుమ పెట్టిండ్రు. యుద్ధం తర్వాత ఇనుముకు కరువు, కోటా మీద ఇచ్చేటోళ్లు. అందుకని బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేసిండ్రు. మనం రోటవేటర్ తిప్పుకునే పీటీఓ లాంటిది కూడా పెట్టుకోవచ్చు, దాంతోటి పొలం మిషన్లు నడిచేటియి. 1948 ఏప్రిల్ 30న అమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ల్యాండ్ రోవర్ అని బయటపెట్టిండ్రు. రైతు కోసం చేసిన బండి అది.

ఇరవై రెండేళ్ల తర్వాత, 1970లో, అదే ఇంట్ల రేంజ్ రోవర్ పుట్టింది. వారమంతా పొలంల తిరిగి, ఆదివారం టౌనుకు పోను పనికొచ్చేటట్టు. మొదటి రేంజ్ రోవర్‌లో పైపు పెట్టి నీళ్లు కొట్టి లోపల కడుక్కునే వీలుండేది, తోలు సీట్లూ మెత్తటి కార్పెట్లూ ఏమీ లేవు. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ కూడా సొంతం కాదు, అమెరికా బ్యూక్ వాళ్లు వద్దనుకున్న డిజైన్ హక్కులు 1965లో కొనుక్కొచ్చి పెట్టింది.

ఇందుల మనకు ఇంకో చుట్టరికం ఉంది. ఆ విల్లీస్ జీపునే మన దేశంలో మహీంద్రా వాళ్లు స్వతంత్రం వచ్చిన కొత్తల నుంచి బిగించి అమ్మిండ్రు. మన ఊర్లలో పెండ్లి పిల్లగాన్ని, ఎన్నికల పెట్టెలను, ఎరువుల బస్తాలను మోసిన మహీంద్రా జీపు, ఇయ్యాల జూబ్లీహిల్స్‌ల గేటు తెరుచుకొని బయటికొచ్చే రేంజ్ రోవర్, ఈ రెండింటికీ తాత ఒక్కడే. ఒక మనుమడు ఊళ్లో ఉండిపోయిండు, ఒకడు దొరల ఇంటికి ఇల్లరికం పోయిండు.

ల్యాండ్ రోవర్, జాగ్వార్ రెండింటినీ ఫోర్డ్ దగ్గర నుంచి 2008లో టాటా వాళ్లు కొన్నరు, 230 కోట్ల డాలర్లకు. ఆ కొనుడు ఫలం 2019 జనవరిలో మన రోడ్ల మీదికొచ్చింది. టాటా హ్యారియర్ కింద ఉన్న పునాది ల్యాండ్ రోవర్ డిస్కవరీ స్పోర్ట్‌కు వాడిన డి8 అనే పునాది నుంచి తీసుకున్నదే. ఖర్చు తగ్గించుటానికి అల్యూమినియం భాగాల బదులు ఉక్కు వాడి, మన రోడ్లకు తగ్గట్టు మార్చిండ్రు. అంటే పంచుకునుడు ఎప్పుడూ పైకే పోదు, కిందికి కూడా దిగుతది. ఆ డి8కి కూడా మూలం ఫోర్డ్ మామూలు కార్ల పునాదే. తవ్వుకుంట పోతే ప్రతి దొర ఇంటి కింద ఒక మామూలు గుడిసె పునాది తగులుతది.

ఇప్పుడు మన నాయకుల బండి దగ్గరికొద్దాం. ఫార్చునర్. సర్పంచి నుంచి మంత్రి దాకా ఆ తెల్ల బండి లేనిదే కాలు కింద పెట్టరు. టయోటా వాళ్లు 2004లో ఒక పునాది తయారు చేసిండ్రు. పేద దేశాల రోడ్లకు తట్టుకోవాలె, బరువు మొయ్యాలె, బాగుచేసుడు అలకగ ఉండాలె అనేది వాళ్ల లెక్క. దాని మీద కట్టినయి మూడు: హైలక్స్ అనే సామాన్ల బండి, ఇన్నోవా, ఫార్చునర్. థాయ్‌లాండ్ రైతులు కూరగాయలు, ఎరువులు వేసుకొని తిరిగే ట్రాలీ బండి హైలక్స్. ఇయ్యాల మన దగ్గర అమ్మే హైలక్స్, ఫార్చునర్ రెండింటిలో 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఒకటే. వెనక ట్రాలీ తీసి సీట్లు, పైకప్పు వేస్తే ఫార్చునర్ అయితదని నేననను, వెనక స్ప్రింగులు వేరే పెట్టిండ్రు, లోపల చప్పుడు రాకుండ పని చేసిండ్రు. కానీ ఎముకలు మాత్రం బరువు బండివే. అందుకే ఆ బండి గుంతలకు ఎత్తేస్తది, అందుకే లక్షల కిలోమీటర్లు నడుస్తది కూడా. నాయకులు దాన్ని దర్పం కోసం కొంటరు గానీ, దాని అసలు గుణం మొండితనం, అది సామాన్ల బండి నుంచి వచ్చింది.

ఆ టయోటా వాళ్లే 1989లో లెక్సస్ అని వేరే పేరు పెట్టుకున్నరు, టయోటా పేరు మీద అమెరికా షావుకార్లు పెద్ద ధర పెట్టరని. లెక్సస్ ఈఎస్ అనే కారు, టయోటా కామ్రీ, ఒకే వేరు మీది అంట్లు. రెండూ బెంగళూరు పక్కన బిడదిలనే బిగిస్తరు.

బెంజి సంగతి కూడా ఒకటి చెప్పి ముందుకు పోత. రెనో డస్టర్ మన జిల్లాలలో మస్తు తిరిగింది. 2020లో దానికి 1.3 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ వచ్చింది. అది రెనో, మెర్సిడెస్ కంపెనీలు కలిసి తయారు చేసింది. ఆ మరుసటి సంవత్సరం మన దేశంలో దిగిన మెర్సిడెస్ ఏ క్లాస్‌లో పెట్రోల్ బండికి ఉన్నది కూడా ఆ కుటుంబం ఇంజినే. డస్టర్‌కు 156 హార్స్‌పవర్, బెంజికి 163.

జర్మనీ వాళ్లలో ఫోక్స్‌వాగన్ గ్రూపు ఈ పనిలో అందరికీ తాత. ఎం.ఎల్.బి. అని వాళ్ల పునాది ఒకటుంది. దాని మీద ఫోక్స్‌వాగన్ టువారెగ్, ఆడి క్యూ7, పోర్షే కయెన్, బెంట్లీ బెంటేగా, లంబోర్గిని ఊరుస్, ఐదూ నిలబడ్డయి. స్లొవేకియా దేశంలో బ్రాటిస్లావా అనే ఊళ్లో టువారెగ్, క్యూ7, కయెన్ ఒకే ఫ్యాక్టరీల తయారైతయి. మన దగ్గర క్యూ7 కోటికి అటూ ఇటూ, ఊరుస్ నాలుగు కోట్ల పైన. ఒకటే పునాది కదా, మూడు కోట్లు మోసమేనా అంటే, పూర్తిగా కాదు. ఊరుస్‌కు నాలుగు లీటర్ల రెండు టర్బోల ఇంజిన్, పెద్ద బ్రేకులు, వేరే బిగింపు, తక్కువ సంఖ్యల తయారీ, వీటన్నింటికీ ధర ఉంటది. కానీ ఆ మూడు కోట్లలో ఇనుముకు ఎంత, ఎద్దు బొమ్మ బిళ్లకు ఎంత అనేది కొనేటోడు తెలుసుకొని కొనాలె. తెలిసి ఇస్తే అది సోకు. తెలియక ఇస్తే మాత్రం పొలం పోయినట్టే లెక్క.

పాత బండ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కొత్తప్పుడు కోటి ఉన్న బండి పదేళ్లకు పదిహేను, ఇరవై లక్షలకు దొరుకుతది. ధర పడిపోతది గానీ దాని భాగాల ధర పడిపోదు, అది కోటి బండి భాగమే. మా పక్క ఊరాయన ఒకాయన అట్ల ఒక పెద్ద పేరున్న బండి తెచ్చుకున్నడు, కంపెనీ పేరు వద్దు. ఏడాది తిరగకుండ గేరు మారేటప్పుడు గుద్దుడు మొదలైంది. షోరూంల గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని చెప్పిన అంకె విని ఆయనకు రెండు రోజులు బువ్వ సయించలే. చివరికి ఒక పాత మెకానిక్ బండి కిందికి దూరి, గేర్‌బాక్స్ మీది రేకు చూసి, ఇది కారు కంపెనీ చేసింది కాదు, గేర్లు చేసే వేరే కంపెనీదని, వాళ్ల సొంత డబ్బాల నూనె, ఫిల్టర్, లోపలి సామాను తెప్పించి సగం కంటే తక్కువల పని కానిచ్చిండు. వస్తువు అదే, డబ్బా మీద పేరు మారింది. ఫెరుచ్చో క్లచ్ కథ మా పక్క ఊళ్లోనే మళ్లా జరిగినట్టు అనిపించింది నాకు.

అందుకని అడిగే పిలగాళ్లకు నేను చెప్పేది: బండి పేరు గూగుల్ చెయ్యకు, దాని పునాది మీద ఇంకా ఏ ఏ బండ్లు నడుస్తున్నయో చూడు. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ మామూలు బండ్లకు కూడా ఉంటే మెకానిక్ దొరుకుతడు, సామాను దొరుకుతది. ఎక్కడా ఎవరితోనూ పంచుకోని బండి అయితే అది ఎంత గొప్పదైనా మన అసుంటోళ్ల ఇంటి ముందర నిలబెట్టే బండి కాదు. గాలి బుడగల స్ప్రింగులు ఉన్న పాత బండి అయితే రాత్రి ఆపి పొద్దున పొయ్యి చూడు, ఒక మూల కుంగి ఉంటే దండం పెట్టి వచ్చెయ్యి.

ఇగ హైటెక్ సిటీ. ఈ కథంతా ఎక్కడో ఇటలీ, జర్మనీలది అనుకుంటే పొరపాటు. 1998 సంవత్సరం తీసుకోండి. ఆ ఏడు నవంబర్ 22న మాదాపూర్‌ల సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించిండు. చుట్టూ బండరాళ్లు, తుమ్మ చెట్లు, నడుమ ఆ గుండ్రటి బిల్డింగు. అదే ఏడు ఫోక్స్‌వాగన్ గ్రూపు బెంట్లీనీ, లంబోర్గినినీ తన ఇంట్ల కలుపుకున్నది. అదే ఏడు దివాలా తీసిన కియా కంపెనీని హ్యుందాయ్ కొన్నది, హ్యుందాయ్ మన దేశంలో శాంత్రో దించింది కూడా ఆ సంవత్సరమే. ఇన్ని సంగతులు ఒక్క ఏడాదిలో జరుగుడు కాకతాళీయమే గానీ, తర్వాత ఇవన్నీ వచ్చి కలిసింది మన దగ్గర.

హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ ఎదురుంగ హ్యుందాయ్ వాళ్ల ఇంజినీరింగ్ కేంద్రం ఉంది, 2006లో మొదలైంది. హ్యుందాయ్, కియా కార్ల పని అక్కడ కంప్యూటర్ల మీద జరుగుతది. కారును నిజంగా గోడకు గుద్దేముందు కంప్యూటర్ల వందసార్లు గుద్ది చూస్తరు, ఎక్కడ వంగుతదో, ఎక్కడ విరుగుతదో లెక్క తీస్తరు. పునాది ఒకటి చేసి దాని మీద పది కార్లు కట్టాలంటే ఇట్లాంటి లెక్కలు లేనిదే కాదు. హ్యుందాయ్ గ్రూపుకు జెనెసిస్ అని 2015లో పెట్టిన ఖరీదైన పేరు ఉంది, మన దేశంలో అమ్మరు. జెనెసిస్ జీవీ60 అనే కరెంటు కారు, మన దగ్గర దొరికే హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6, మూడింటి పునాది ఒకటే.

నానక్‌రామ్‌గూడలో జడ్.ఎఫ్. అనే జర్మనీ కంపెనీ 2017లో సాంకేతిక కేంద్రం పెట్టింది. 1915లో విమానం లాంటి పెద్ద గాలి ఓడలకు గేర్లు చేసుటానికి పుట్టిన కంపెనీ. వాళ్ల ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బీఎండబ్ల్యూలో ఉంటది, రేంజ్ రోవర్‌లో ఉంటది, రోల్స్ రాయిస్‌లో ఉంటది, అమెరికాల రైతులు నడిపే పికప్ బండ్లలో కూడా ఉంటది. ట్రాక్టర్ల గేర్‌బాక్స్‌లు, యాక్సిల్‌లు కూడా చేస్తరు వాళ్లు. ఇన్ని కంపెనీలు కొట్లాడుకుంటయి, గేరు మాత్రం ఒక్క దుకాణం నుంచే తెచ్చుకుంటయి.

అన్నింటికంటే విచిత్రం పినిన్‌ఫరీనా. ఫెరారీ కార్లకు అరవై ఏండ్ల దాకా రూపం గీసిన ఇటలీ కంపెనీ. అప్పుల పాలైంది. 2015 డిసెంబర్‌లో దాన్ని కొనుటానికి మహీంద్రా గ్రూపు ఒప్పందం చేసుకున్నది, అందుల పెద్ద వాటా టెక్ మహీంద్రాది. టెక్ మహీంద్రా అంటే మన సత్యం కంప్యూటర్స్‌ను కలుపుకున్న కంపెనీ. 2009లో సత్యం కూలినప్పుడు మన పల్లెల నుంచి పొయ్యి అందుల చేరిన పిల్లల తల్లిదండ్రులు ఎట్ల గుండె పట్టుకున్నరో నాకు తెలుసు. ఆ కంపెనీ మనుషుల కష్టార్జితం కూడా కలిసిన సంస్థ పోయి ఫెరారీ బొమ్మలు గీసినోళ్లను కొన్నది. తర్వాత మహీంద్రా గ్రూపు బ్యాటిస్టా అనే కరెంటు కారు తయారు చేయించింది, 1900 హార్స్‌పవర్, మొత్తం 150 కార్లే. దాని బ్యాటరీ, మోటార్లు క్రొయేషియా దేశపు రిమాక్ కంపెనీవి, రిమాక్ వాళ్ల సొంత కారుతో పంచుకున్నయి. ఇరవై కోట్ల బండికి కూడా పునాది పంచుకునుడు తప్పలేదు చూడండి.

అదే మహీంద్రా వాళ్ల ట్రాక్టర్ ఫ్యాక్టరీ జహీరాబాద్‌ల ఉంది. మనం నెలనెలా కిస్తీ కట్టే ఎర్ర ట్రాక్టర్, ఆ బ్యాటిస్టా, ఒకే యజమానివి. స్వరాజ్ కూడా 2007 నుంచి వాళ్లదే, మహీంద్రా మంచిదా స్వరాజ్ మంచిదా అని కొట్లాడుకునే అన్నలు జర గమనించాలె.

భూమి సంగతికొస్తా అన్న కదా. హ్యుందాయ్, కియా ఇంజినీర్లు పని చేసే ఆ కొండాపూర్, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ అన్నీ ఒకప్పుడు జొన్న, వరి పండిన ఊర్లే. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ముందుగాల అమ్ముకున్నోళ్లకు వచ్చింది ఎంత, తర్వాత ఆ నేల పలికింది ఎంత, వాళ్లనే అడగాలె. అటు అనంతపురం దిక్కు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 536 ఎకరాల్లో లేచింది, వేరుశనగ నమ్ముకున్న కరువు సీమలో. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. హ్యుందాయ్ క్రెటా, ఆ మొదటి సెల్టోస్ ఒకే పునాది మీద, ఒకే ఇంజిన్లతో వచ్చినయి. ఒకటి తమిళనాడు శ్రీపెరంబుదూరు దగ్గర, ఒకటి మన రాయలసీమల. కొనేటోళ్లు షోరూంల దగ్గర ఏది గొప్పదని గంటలు గంటలు వాదించుకుంటరు. రెండింటి పని మీద హైటెక్ సిటీల కూసున్న పిల్లలకు జవాబు తెలుసు. అందుల మనోళ్ల పిల్లలు కూడా ఉన్నరు, కారు మీద వాళ్ల పేరు ఎక్కడా రాయరు.

మీ ఊర్ల ఇంకా నడిచే పాత మహీంద్రా జీపు ఎవరి దగ్గరన్న ఉంటే ఫొటో పెట్టండి, ఏ సంవత్సరం బండో, ఇంజిన్ ఎన్నిసార్లు విప్పించిండ్రో కూడా రాయండి. పాత లగ్జరీ బండి కొని నడిపిస్తున్నోళ్లు ఉంటే సామాను ఎక్కడ తెప్పిస్తున్నరో, ఏ మెకానిక్ సరిగ్గా చేస్తున్నడో నలుగురికి పనికొచ్చేటట్టు చెప్పండి.